ఆమోదిత రోగి నూకరత్నం

నూకరత్నం బాగుపడుతోందన్న నేరాన్ని బయటపెట్టింది నేనే. ఫారంలో నిజం రాశాను. అరవై ఆరేళ్లు వచ్చాక కూడా ఫారంలో నిజం రాసేవాడి మీద ఎవరూ జాలిపడనక్కర్లేదు.

నేను విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైం బోధకుణ్ణి. వారానికి మూడు రోజులు, రోజుకి రెండు గంటలు. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో పక్షవాతం వచ్చిన చేతులకి పని నేర్పాను. రిటైరయ్యాక ఆ పనే ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ కోర్సు పిల్లలకి చెప్పమని పిలిచారు. కోర్సు పేరు పెద్దది. పని చిన్నది. జబ్బుచేసి రోజువారీ పనులు పోగొట్టుకున్నవాళ్లకి వాటిని మళ్ళీ అలవాటు చెయ్యాలి. రవిక హుక్కు పెట్టుకోవడం, చెంబు వంచడం, ముద్ద నోటిదాకా తీసుకెళ్లడం. ఇది పుస్తకంలో నాలుగు వందల పేజీలుంది. చేతిలో ఉండేది తక్కువ.

పై మండలివాళ్లు ఒక నియమం పెట్టారు. ప్రతి ప్రాక్టికల్ కోర్సుకీ ఒక శాశ్వత ప్రదర్శన రోగి ఉండవలెను. రోగి వివరాలు మండలికి పంపి ఆమోదం పొందవలెను. మా కోర్సుకి నూకరత్నం దొరికింది. కోర్టు గేటు ఎదురుగా పెసరట్ల బండి ఆమెది. మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే గరిట చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోతే తనూ జారింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి వదిలాక మా దగ్గరికి తీసుకొచ్చారు. వందకి ముప్పై నాలుగు స్కోరు వచ్చింది. వంద అంటే ఎవరి సాయమూ అక్కర్లేనివాళ్లు.

ఆమె పేరు ప్రయోగశాల పరికరాల పట్టికలో ఎక్కించారు. పదహారు అస్థిపంజరం. పద్ధెనిమిది నిలువుటద్దం. మధ్యలో నూకరత్నం. ఆమె కూర్చునే కుర్చీ వెనకాల తెల్లరంగుతో పదిహేడు అని రాశారు.

మొదటిరోజు మా క్లాసు పిల్ల ఎస్తేరు అడిగింది. "పిన్నీ, మీకు ముందు ఏ పని రావాలి? జడేసుకోడమా, అన్నం తినడమా?"

"గరిట తిరగాలమ్మా. జడెవడికి కావాలి? జుట్టెక్కడుందని?"

ఎస్తేరు ఆ మాట డైరీలో రాసుకుంది. గరిట తెచ్చింది. పెనం బదులు కంచం బోర్లించింది. పిండి బదులు తడి ఇసక. నూకరత్నం ఇసకని చూసి, "ఈ పప్పు నానలేదే" అంది. అప్పటినుంచి మొదలైంది. మూడు నెలలకి మణికట్టు తిరిగింది. కర్ర పట్టుకుని నిలబడింది. తరవాత కర్ర గోడకి ఆనించి నిలబడింది. నేను స్కోరు వేశాను. అరవై ఒకటి. ఫారం నింపి పైకి పంపాను.

మర్నాడే పిలుపు వచ్చింది.

నాణ్యతా విభాగం డైరెక్టరు విద్యాధరి గారు. చెడ్డమనిషి కాదు. ఫైలు కళ్లతో తప్ప చూడలేని మనిషి, అంతే.

"మాస్టారూ, పరికరం సంఖ్య పదిహేడు స్థితిలో అనధికార మార్పు చోటుచేసుకున్నట్టు గమనించడమైనది."

"బాగుపడిందండీ."

"ఎవరి అనుమతితో?"

మా ఊరి బడిలో ఒకటే గది. ఎక్కం వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. వచ్చిన ఎక్కాన్ని పోగొట్టుకు రమ్మని ఏ పంతులూ అనలేదు. అందువల్ల ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఆవిడ ఓపిగ్గా వివరించారు. "మండలి ఆమోదించింది ముప్పై నాలుగు స్కోరున్న రోగిని. అరవై ఒకటి ఉన్న రోగి ఉన్నా లేనట్టే. రోగి లేకపోతే ప్రాక్టికల్ లేదు. ప్రాక్టికల్ లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే కోర్సే లేదు. మీ పిల్లలు తొమ్మిదిమందీ రోడ్డున పడతారు. ఒక్క మనిషి బాగుపడ్డం కోసం తొమ్మిదిమందిని బలిచేస్తారా?"

"మూడు వందల గజాల్లో ప్రభుత్వాసుపత్రి ఉంది. రోజుకి నలభైమంది వస్తారు."

"వాళ్లు ఆమోదిత రోగులు కారు మాస్టారూ. ఊరికే రోగులు."

"ఆమోదం తెప్పించండి."

"పద్ధెనిమిది నెలలు పడుతుంది. పరీక్ష నాలుగు వారాల్లో ఉంది." ఆవిడ కిటికీలోంచి పక్క బ్లాకు చూపించారు. "నర్సింగ్ వాళ్ల బొమ్మని చూడండి. ఏడేళ్లుగా నూటమూడు జ్వరం. ఒక్క డిగ్రీ కదల్లేదు. అదీ నిబద్ధత."

నేను లేచి వెళ్లి కిటికీలోంచి ఆ బొమ్మని చూశాను.

"అసలు మీకెందుకండీ అంత తొందర? కాస్త నెమ్మదిగా బాగుచేసి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు."

"నా భార్యకి కుడివైపు పడిపోయింది. ఎడమచేత్తో ముద్ద తినడం నేర్పాను. నెమ్మదిగానే నేర్పాను. అయిదు నెలలు పట్టింది. నేర్చుకున్నాక పదకొండు రోజులు తింది. అంతే."

ఆవిడ పేపర్‌వెయిట్ పక్కకి జరిపి పెన్ను తీశారు.

"సారీ మాస్టారూ. ఇది మినిట్స్‌లో రాయమంటారా?"

"వద్దు."

వారంలో సర్క్యులర్ వచ్చింది. శీర్షిక: పూర్వస్థితి పునఃస్థాపన. ఆమోదిత రోగి స్కోరు నలభై దాటరాదు. రెండు గంటల ప్రాక్టికల్‌లో మొదటి గంట రోగికి నైపుణ్యం నేర్పవలెను. రెండో గంట దానిని తొలగించవలెను. నేర్పినందుకు పది మార్కులు. తొలగించినందుకు పదిహేను.

ఎస్తేరు దాన్ని రెండుసార్లు చదివింది. "సార్, హుక్కు పెట్టుకోడం మర్చిపోయేలా ఎలా నేర్పుతారు సార్?"

"నాకు తెలీదు. బయటినుంచి నిపుణుడు వస్తాడట."

వచ్చాడు. రెండు రోజుల వర్క్‌షాప్. విషయం నైపుణ్య విసర్జన. ఆయన తెరమీద బాణాలు, గుండ్రాలు చూపించి, నూకరత్నాన్ని కళ్లు మూసుకోమన్నాడు. చేతిలో గరిట పెట్టాడు.

"ఇప్పుడు మనసు ఖాళీ చెయ్యండమ్మా. నేను మూడు అంటాను. గరిట వదిలేస్తారు. ఈ చెయ్యి నాది కాదు అనుకోండి. ఒకటి, రెండు, మూడు."

వదిలింది. అది నేలకి తగలకముందే అదే చేత్తో పట్టుకుంది. ఫిబ్రవరి నుంచి ఆ చెయ్యి అంత వేగంగా కదలడం మేం చూడలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"పట్టుకోకూడదమ్మా!"

"ఎలాగండీ? కిందడితే మళ్ళీ కడుక్కోవాలి కదండీ."

నిపుణుడు ఆమెకి కూడా సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లిపోయాడు.

తరవాత ల్యాబ్ అటెండరు రంగంలోకి దిగాడు. పై ఉత్తర్వు ప్రకారం గరిట కాడకి నూనె రాశాడు. నూకరత్నం కొంగుతో తుడుచుకుంది. పదిహేడో నంబరు కుర్చీ కాళ్లు నాలుగంగుళాలు కోయించారు, లేవలేకుండా. లేచింది. కాస్త కష్టపడి లేచింది కాబట్టి తొడలు గట్టిపడ్డాయి. నేను రెండో గంటలో కూడా గరిటే తిప్పించాను. డైరీలో "రెండో గంట: ఆశించిన ఫలితం రాలేదు" అని రాశాను. అదీ నిజమే. మూడో వారానికి స్కోరు డెబ్బై ఎనిమిది.

అప్పుడు నూకరత్నం ఒక కాగితం తెచ్చింది. మున్సిపాలిటీ నోటీసు.

"మాష్టారూ, ఇదేటో చదవండి. బండికి అంటించి ఎల్లారంట."

చదివాను. అయిదు నెలలకి మించి మూసి ఉంచిన బండ్ల స్థలాలు రద్దు చేస్తారు. స్థలం ఎవరి పేరున ఉందో ఆ మనిషి స్వయంగా వచ్చి, అధికారి ఎదుట వ్యాపారం చేసి చూపిస్తే ఉంచుతారు. గురువారం, పది గంటలకి.

"సూపిత్తాను. అదెంత?" అంది నూకరత్నం. తరవాత గొంతు తగ్గించింది. "సెల్లు కవర్లమ్మే కుర్రోడు నిన్న టేపెట్టి కొలిసేసుకున్నాడండీ. పందిరి గుంజలెక్కడ పాతాలో కూడా గీసుకున్నాడు. పాతికేళ్ల సోటండీ అది. అది పోతే ఈ సెయ్యి బాగయ్యి మాత్రం ఏం జేత్తాను? ఊపుకుంటా కూకోడానికా?"

ఎస్తేరు నా వైపు చూసింది. పరీక్ష కూడా గురువారమే. పది గంటలకే. పరీక్షకి పెద్ద ఊరినుంచి బయటి ఎగ్జామినర్ వస్తున్నారు. పరికరం పదిహేడు కుర్చీలో ఉండాలి.

విద్యాధరి గారికి చెప్పాను. ఆవిడ వెంటనే సమస్యని పరిష్కరించారు. మున్సిపాలిటీకి లేఖ రాశారు. "మా ఆమోదిత రోగి శ్రీమతి నూకరత్నం స్కోరు ముప్పై నాలుగు. ఆమె ఇతరుల సాయం లేకుండా ఏ పనీ చేయజాలదు. కావున గురువారం ఆమెను విడుదల చేయలేము. తేదీ మార్చగలరు."

మున్సిపాలిటీ జవాబు మర్నాడే వచ్చింది. తేదీ మార్చలేదు. ఒక షరతు పెంచింది. "సదరు వ్యక్తి సాయం లేకుండా పనిచేయజాలదని మీరే ధ్రువీకరించినందున, తనిఖీ సమయంలో ఇతరుల చెయ్యి సోకినచో స్థలం తక్షణం రద్దగును."

నేను ఆ రాత్రి మండలి నియమావళి తిరగేశాను. పధ్నాలుగో నిబంధన దొరికింది. ప్రాక్టికల్ పరీక్ష ఆమోదిత రోగి ఉన్న చోటనే జరుపవలెను. పొద్దున్నే తీసుకెళ్లి విద్యాధరి గారి బల్లమీద పెట్టాను.

"అంటే?"

"రోగి గురువారం కోర్టు గేటు దగ్గర ఉంటుంది."

ఆవిడ నిబంధన మూడుసార్లు చదివారు. నియమం ఉంది కాబట్టి ఒప్పుకున్నారు. అందుకే చెడ్డమనిషి కాదన్నాను.

గురువారం విశ్వవిద్యాలయం వ్యానులో అందరం బయల్దేరాం. తొమ్మిదిమంది పిల్లలు, విద్యాధరి గారు, బయటి ఎగ్జామినర్, నేను, పదిహేడో నంబరు కుర్చీ. ఎగ్జామినర్ సన్నగా, పొడుగ్గా ఉన్నారు. దారంతా రుమాలు ముక్కుకి పెట్టుకున్నారు.

నూకరత్నం అప్పటికే వచ్చింది. టార్పాలిన్ తీసింది. పొయ్యి వెలిగించింది. మున్సిపల్ ఇన్‌స్పెక్టర్ దాలినాయుడు చేతిలో ఫారంతో నిలబడ్డాడు. సెల్లు కవర్ల కుర్రాడు చేతిలో టేపుతో నిలబడ్డాడు. అటెండరు కుర్చీ దింపి బండి పక్కన వేశాడు. వెంటనే ఒక వకీలు గారు అందులో కూర్చున్నారు.

"నాకో రెండు. ఉల్లిపాయ దట్టంగా."

ఎగ్జామినర్ ఫారం తీసి ఆయన్ని పరీక్షగా చూశారు. "ఈయనకి ఎడమవైపా, కుడివైపా?"

"నాకు సివిలు వైపండీ," అన్నారు వకీలు గారు. ఆయన్ని లేపడానికి కొంత సమయం పట్టింది. నాలుగంగుళాలు కోసిన కుర్చీ కదా.

పిల్లల్లో మొదటి నంబరు ఎస్తేరుది. ఎగ్జామినర్ ఫారం గట్టిగా చదివారు. "రోగి స్కోరు ముప్పై నాలుగు. కావున అభ్యర్థి రోగికి మధ్యస్థ శారీరక సాయం అందించవలెను. చెయ్యి పట్టుకుని పని చేయించవలెను. చేయించనిచో సున్నా."

దాలినాయుడు తన ఫారం గట్టిగా చదివాడు. "ఎవరి సెయ్యి పడినా రద్దు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఎవరి కాగితం వారిది.

ఎస్తేరు నూకరత్నం పక్కన నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

ఈ పనిలో చాలామందికి ఇదే చేతకాదు. ఎదుటివాడి చెయ్యి వణుకుతుంటే మన చెయ్యి ఊరుకోదు. అందుకోవాలనిపిస్తుంది. అందుకున్నామా, వాడికి ఆ పని ఇంకెప్పుడూ రాదు. నేను ముప్పై ఏళ్లు చేసి, ఇంట్లో నా భార్య దగ్గర మాత్రం చేతులు కట్టుకోలేకపోయాను. ఊరికే అయిదు నెలలు పట్టలేదు.

నూకరత్నం పెనం మీద ఉల్లిపాయ చెక్కతో రుద్దింది. గరిటెడు పిండి పోసింది. గరిట అడుగు ఆనించి మధ్యలోంచి తిప్పబోయింది. మణికట్టు బిగుసుకుంది. పిండి ఒకవైపే సాగింది. తియ్యబోతే అట్టు చిరిగింది.

సెల్లు కవర్ల కుర్రాడు టేపు సాగదీశాడు.

"అభ్యర్థీ, సాయం చెయ్యండి," అన్నారు ఎగ్జామినర్.

ఎస్తేరు కదల్లేదు.

"ఇది పరీక్షమ్మా. చెయ్యి పట్టుకోండి."

ఎస్తేరు చేతులు ఒకసారి విడిపోయాయి. మళ్ళీ కలిశాయి. వేళ్లు ఎర్రబడేలా పట్టుకుంది. "పిన్నీ," అంది. "మోచెయ్యి."

నూకరత్నం మోచెయ్యి డొక్కకి ఆనించుకుంది.

దాలినాయుడు తల ఎత్తాడు. "మాట సాయం సాయం కిందికొస్తాదా?" ఫారం ముందూ వెనకా తిప్పాడు. దానికి గడి లేదు. వదిలేశాడు.

"మాట సాయం కనిష్ఠ సాయం," అన్నారు ఎగ్జామినర్. "ముప్పై నాలుగుకి చాలదు."

రెండో అట్టు పోసింది. గరిట నెమ్మదిగా తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. అంచు కాస్త వంకరగా వచ్చింది కానీ అట్టు అట్టులాగే వచ్చింది. అల్లం, పచ్చిమిరప ముక్కలు జల్లింది. అట్లకాడ దూర్చి తిరగేసింది. మూడోది గుండ్రంగా వచ్చింది. నాలుగోదానికి ఆమె గరిట వైపు చూడ్డం మానేసి వకీలు గారితో మాట్లాడ్డం మొదలెట్టింది.

"ఏంటండీ, నే లేనప్పుడు ఆ ఇడ్లీలెట్టుకు బతికేశారా? మొకం పాలిపోయింది."

దాలినాయుడు అట్టు తిన్నాడు. చెయ్యి తుడుచుకున్నాడు. తాటికాయంత అక్షరాలతో ఒంటరిగా చేసింది అని రాసి ముద్ర కొట్టాడు. సెల్లు కవర్ల కుర్రాడు టేపు చుట్టేసి, తనకీ ఒకటి వెయ్యమన్నాడు.

"మేడంగారూ, మీకు అల్లం వెయ్యనా, మాననా?"

విద్యాధరి గారు చుట్టూ చూశారు. "వెయ్యి," అన్నారు.

ఎగ్జామినర్ మాత్రం తినలేదు. పట్టిక నింపుతున్నారు. ఎస్తేరు పేరు ఎదుట సున్నా వేశారు. మిగిలిన ఎనిమిదిమంది కూడా వరసగా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఎనిమిది సున్నాలు వేశారు. ఆయన చేతిరాత అందంగా ఉంది.

"నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత సోమరి బ్యాచ్‌ని చూడలేదు," అని పట్టిక నాకిచ్చారు. నేను లోపలి ఎగ్జామినర్‌ని. ఇద్దరి మార్కులూ కలిపి సగం చేస్తారు. పాసుకి ఇరవై అయిదు రావాలి.

పట్టికలో ఒక గడి ఉంది. అభ్యర్థి చేసిన సాయం. తొమ్మిది గడుల్లోనూ "ఏమీ చెయ్యలేదు" అని రాశాను. ప్రతిదాని ఎదుటా యాభైకి యాభై వేశాను.

విద్యాధరి గారు నా భుజం మీంచి చూశారు. "మాస్టారూ! ఏమీ చెయ్యనిదానికి యాభయ్యా?"

"అవునండీ. చెయ్యడం అందరికీ వచ్చు."

పది రోజులకి నాకు ఉత్తరం వచ్చింది. ఆమోదిత రోగికి కోలుకోలేని మెరుగుదల కలిగించినందుకు నా సేవలు ఇక అవసరం లేదన్నారు. పేపర్లో ప్రకటన కూడా పడింది. శాశ్వత ప్రదర్శన రోగి కావలెను, గతంలో కోలుకున్న అనుభవం లేనివారికి ప్రాధాన్యం. పిల్లలు తొమ్మిదిమందీ ఇరవై అయిదేసి మార్కులతో పాసయ్యారు. ఎస్తేరు ప్రభుత్వాసుపత్రిలో చేరింది. అక్కడ ఊరికే రోగులు నలభైమంది ఉన్నారు.

నూకరత్నానికి కూడా ఒక ఉత్తరం వచ్చింది. బండి దగ్గరికి వెళ్తే నా చేతిలో పెట్టింది. నేను చదివి వినిపించాను.

"ముందస్తు అనుమతి లేకుండా రోగస్థితిని విడిచి వెళ్లినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో ఏడు రోజుల్లో స్వహస్తంతో సంజాయిషీ రాసి పంపవలెను."

"ఏలిముద్ర ఏసేత్తే సాలదాండీ?"

"మీ చేత్తో రాయాలన్నారు."

బెంచీ మీద తింటున్న వకీలు గారు మూతి తుడుచుకున్నారు. "నేను రాసిపెడతాను నూకరత్నం. పదమూడు పేజీలు రాస్తాను. చచ్చినట్టు ఊరుకుంటారు."

"వద్దండీ బాబూ. నా సేత్తోనే కదా రాయమన్నారు. సెయ్యి బాగానే ఉంది కదా." నా వైపు తిరిగింది. "మాష్టారూ, నేను బళ్ళోకెల్లలేదు. నేర్పుతారా?"

"ఏం రాస్తావు?"

ఆమె పెనం మీద నీళ్లు చిలకరించింది.

"మళ్ళీ రాను. అంతే."

"నాలుగు అక్షరాలు," అన్నాను. వకీలు గారి దగ్గర ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసుకున్నాను. "మూడు తేలిక. రెండోదే కాస్త ఎక్కువ తిప్పాలి."

"అట్టు కన్నా ఎక్కువేటండీ?" అంది నూకరత్నం, పెన్సిలు అందుకుంటూ.